దోషము నీటిది, నీరు మనది

మన పట్టణములలోని మధ్యతరగతి ఇండ్లలో గాజుపాత్రలయందు చేపలను పెంచు వాడుక నేడు బాగుగా వ్యాపించినది. హాలులో ఈశాన్యమూలను ఒక గుండ్రని గాజుగిన్నె, దాని అడుగున రంగురాళ్ళు, వానినడుమ ప్లాస్టిక్కు మొక్క యొకటి, ఆ మొక్కచుట్టును తిరుగుచు రెండు గోల్డ్ ఫిష్‌లు: ఇది గృహాలంకారములలో నొకటియై, వాస్తు పేరిట శుభచిహ్నముగ కూడ పరిగణింపబడుచున్నది. పది పదునైదు దినములు గడచునప్పటికి ఆ చేపలలో నొకటి వెల్లకిల పడి నీటిపై తేలును. అప్పుడు ఇంటి పెద్దలు, "పోనీలే, మనకు రావలసిన కీడును అది మోసుకుపోయింది" అని సమాధానపడుదురు. పిల్లవాడు ఏడ్చినచో, "సాయంత్రం ఇంకొకటి తెచ్చుకుందాంలే" అని ఊరడింతురు. అంగడివాడు, "వాటి ఆయుష్షే అంతండీ" అని తన వంతు మాట తాను చెప్పును. ఈ మూడు మాటలును అసత్యములే. అసత్యము లగుట మాత్రమే కాదు, తప్పు చేసినవానికి తన తప్పు కనబడకుండ చేయు అసత్యము లగుటచేత అవి హానికరములు కూడను.

ఖండింపదలచిన వాదమును ముందుగా దాని బలముతో చెప్పుట న్యాయము గనుక, దానిని సంగ్రహముగ నిట చెప్పుచున్నాను. పాత్ర ఎంత చిన్నదైన శ్రమయు వ్యయమును అంత తక్కువ. కావున కొత్తగా చేపలను పెంచదలచినవాడు చిన్న గిన్నెతోనే ప్రారంభింపవలెను. వారమున కొకసారి నీరంతయు పారబోసి, గిన్నెను, రాళ్ళను తోమి కడిగి, కొత్తనీరు నింపుటయే శుభ్రత. సజీవములైన నీటిమొక్కలు నిపుణులకును ధనవంతులకును తగినవి. పైగా అవి రాత్రివేళ ప్రాణవాయువును పీల్చివేసి చేపలకు ప్రాణాపాయము కలిగించును. చేపలను రకమున కొక జత చొప్పున చేర్చినచో చూచుటకు వేడుకగ నుండును. ఇంత చేసినను అవి చచ్చినచో, అది వాని విధి. ఈ వాదము గ్రంథములలో లిఖింపబడినది కాదు. అంగడినుండి ఇంటికి, ఇంటినుండి పొరుగింటికి నోటిమాటగా సాగి, ఎవ్వరును ప్రశ్నింపనందున సిద్ధాంతమై కూర్చున్నది.

నేను చెప్పునది దీనికి పూర్తిగ విరుద్ధము. కొత్తవాడు ప్రారంభింపవలసినది, ఏబది లీటర్లకు తక్కువగాని నీరుపట్టునదియు, సజీవములైన మొక్కలు నాటబడినదియు నగు తొట్టితో. అందుండవలసినవి శాంతస్వభావముగల, గుంపుగ తిరుగు, ఒకే జాతికి చెందిన చిన్నచేపలు. మొక్కలును గుంపును అలంకారములు కావు, ఆ ప్రాణుల జీవనమునకు ఆధారములు. సులభమైన మార్గమును ఇదియే, న్యాయమైన మార్గమును ఇదియే.

చేపను నిజముగ చంపునదేదియో మొట్టమొదట తెలిసికొందము. మనుష్యుడు తన శరీరమునందలి మాంసకృత్తులనుండి పుట్టిన నత్రజనిని యూరియాగ మార్చి విసర్జించును. మంచినీటి చేపలలో అధికభాగము దానిని అమోనియారూపముననే, ముఖ్యముగ మొప్పలద్వారా, ఎడతెగక నీటిలోనికి వదలుచుండును. తినగా మిగిలిన మేత కుళ్ళినను పుట్టునది అమోనియాయే. నదిలో, చెరువులో, ఆ అమోనియా అపారమైన జలరాశిలో కలసి పలుచబడును, మొక్కలచే గ్రహింపబడును, సూక్ష్మజీవులచే రూపాంతరము నొందును. గిన్నెలోని చేపకు ఈ మూడు రక్షణలలో నొకటియు లేదు. అది తాను విడిచిన విషమునే మరల మొప్పలలోనికి తీసికొనుచుండును. నీరు కంటికి స్ఫటికమువలె స్వచ్ఛముగ నున్నను, అందలి విషము కంటికి కనబడునది కాదు గనుక, ఇంటివారికి అనుమానము రాదు.

1890 ప్రాంతమున రష్యా దేశీయుడైన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు, అమోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు వేర్వేరు వర్గములకు చెందినవని నిరూపించెను. నేలకు సారమిచ్చు ఈ ప్రక్రియయే తొట్టిలోని నీటిని కూడ శుద్ధిచేయును. అయితే ఈ సూక్ష్మజీవులు మెల్లగ వృద్ధిపొందునవి. కొత్త తొట్టిలో ఇసుకపైని, ఫిల్టరు స్పాంజిపైని, ఆకులపైని అవి తగినంతగా నెలకొనుటకు సామాన్యముగ నాలుగునుండి ఆరు వారములు పట్టును. ఆ గడువు తీరకముందే చేపను వదలినచో, మొదట అమోనియా పెరుగును, దానివెనుక నైట్రైటు పెరుగును. నైట్రైటు చేప రక్తమునందలి హిమోగ్లోబినును మార్చివేసి, ప్రాణవాయువును మోయు శక్తిని దానికి లేకుండ చేయును. అప్పుడు నీటిలో ప్రాణవాయువు చాలినంత ఉండియు చేప పైకి వచ్చి నోరు తెరచుచు కొట్టుకొనును. "గాలి చాలలేదు కాబోలు" అని ఇంటివారు తలచుదురు. కొత్త గిన్నెలో చేపలు రెండు మూడు వారములలోపలనే చచ్చుటకు కారణము ఆయుష్షు కాదు, గ్రహచారమును కాదు. ఆ వారములే నీటిలో విషము శిఖరమునకు చేరు వారములు. ఆ మరణముల తేదీలను వ్రాసి పెట్టుకొన్న ఏ గృహస్థునకైనను ఈ సత్యము పంచాంగముతో పనిలేకయే గోచరించును.

"చిన్నపాత్ర సులభము" అను మాట ఇచ్చటనే కూలిపోవుచున్నది. చిటికెడు ఉప్పు గ్లాసెడు నీటిని నోట పెట్టరానట్లు చేయును, బిందెడు నీటిలో పడినచో జాడయే తెలియదు. ఐదు లీటర్ల గిన్నెలో ఒక చేప విడిచిన అమోనియా, ఏబదినాలుగు లీటర్ల తొట్టిలోకంటె పదిరెట్లకు మించిన గాఢత పొందును. అరువది సెంటీమీటర్ల పొడవును ముప్పది సెంటీమీటర్ల వెడల్పును గల తొట్టిలో గాలి సోకు నీటి ఉపరితలము 1,800 చదరపు సెంటీమీటర్లుండును. జానెడంత మూతిగల గిన్నెను నిండుగ నింపినచో అది సుమారు నాలుగువందలే యుండును. గాలినుండి నీటిలోనికి ప్రాణవాయువు చేరునది ఆ ఉపరితలముద్వారానే. వేసవిలో రెంటచింతలలోను రామగుండములోను మధ్యాహ్నపు వేడికి చిన్నగిన్నెలోని నీరు గంటలలో కాగి, రాత్రికి మరల చల్లారును. తొట్టిలోని నీరు మెల్లగ వేడెక్కి మెల్లగ చల్లారును. పాత్ర చిన్నదగుకొలది పెంపకందారుని పొరపాటునకు క్షమ తక్కువ. అట్టి పాత్రను నేర్పరికి ఇచ్చిన కొంత అర్థమున్నది గాని, ఏమియు తెలియని కొత్తవానిచేతికిచ్చి సులభమని చెప్పుట వంచన. 2005లో రోము నగరపాలకులు గుండ్రని గాజుగిన్నెలలో చేపలనుంచుట నిషేధించిరి; వారు నిషేధించినదానిని మనము శుభమని ఇంట నుంచుకొనుచున్నాము.

మన ప్రాంతమున కీ ప్రమాదము మరింత హెచ్చు. దక్కను పీఠభూమిపై బోరునీరు చాలచోట్ల కఠినమైనది, క్షారగుణము కలది. నీటిలోని అమోనియా రెండు రూపములలో నుండును: అమోనియము అయానుగ నున్నప్పుడు చేపకు దానివలన హాని స్వల్పము, స్వేచ్ఛామోనియాగ నున్నప్పుడు అది తీక్ష్ణమైన విషము. నీటి వేడిమి 25 డిగ్రీలున్నప్పుడు, క్షారగుణమును తెలుపు పీహెచ్ కొలత 7 గల నీటిలో ఈ విషభాగము నూటికి ఒకటిలో సగమును కొంచెము మించును. పీహెచ్ 8 గల నీటిలో నూటికి ఐదును మించును. పీహెచ్ 9 వద్ద నూటికి ముప్పదియైదునకు పైబడును. అనగా చల్లని మెత్తని నీటిగల దేశమున గిన్నెలో కొన్నాళ్ళు బ్రతికి బయటపడగల చేప, మన బోరునీటిలో, మన వేసవిలో బ్రతుకజాలదు. ఇతర దేశముల బొమ్మలు చూచి గిన్నెలను కొనువారు తమ నీటి గుణమును గూర్చి ఒక్క ప్రశ్నయైనను వేసికొనరు.

ఇక శుభ్రతను గూర్చిన మాట. వారమున కొకసారి నీరంతయు పారబోసి అన్నిటిని తోమి కడుగుట మన ఇండ్లలో పాత్రల విషయమున సదాచారమే. చేపల తొట్టి విషయమున అది ఘాతుకము. ఏ సూక్ష్మజీవులు విషమును హరింపవలెనో ఆ సూక్ష్మజీవులు రాళ్ళను, ఇసుకను, స్పాంజిని అంటిపెట్టుకొని బ్రతుకును. తోముటవలన అవి పోవును. సబ్బు వాడినచో దాని శేషము చేపకు వేరొక విషమగును. మునిసిపాలిటీవారు మన ఆరోగ్యమునకై కలుపు క్లోరిను మొప్పలను కాల్చును, మిగిలిన సూక్ష్మజీవులను చంపును. ప్రతివారమును ప్రక్రియ మొదటికి వచ్చును. ప్రతివారమును చేప వేడిమి వేరు, గుణము వేరు అయిన నీటిలో పడును. చేయవలసినది ఇంతమాత్రమే: వారమునకు నీటిలో నాలుగవ వంతు తీసివేసి, అంతియే వేడిమిగల, క్లోరిను పోగొట్టిన నీటిని పోయుట, స్పాంజి మూసికొనిపోయినప్పుడు దానిని తొట్టినుండి తీసిన పాతనీటిలోనే పిండుట. కొళాయినీటిని వెడల్పుపాత్రలో ఒక దినము నిలువ యుంచినచో క్లోరిను చాలవరకు పోవును; క్లోరమైను కలిపిన నీటికి ఈ ఉపాయము చాలదు గనుక, అంగళ్ళలో దొరకు సోడియము థయోసల్ఫేటును, అనగా హైపోను, కొలతప్రకారము వాడుట మేలు.

వాస్తును నమ్మువారితో నాకు వైరము లేదు. వారిని నేను వారి పురాణముతోనే ప్రశ్నించెదను. సత్యవ్రతుడను రాజు దోసిట చేరిన చేపపిల్ల అతనిని మొట్టమొదట కోరినదేమి? తనను పెద్ద చేపలవాత పడకుండ కాపాడుమని కోరినది. అతడు కమండలువున నుంచగా అది తనకు చాలదనినది. పెద్ద పాత్రలో నుంచగా చాలదనినది. సరస్సులో విడువగా అదియు చాలదనినది. మత్స్యావతారకథను ఇంటింట చెప్పుకొను జాతికి, చేపకు పాత్ర ఇరుకగుట యను విషయము పాశ్చాత్యులు వచ్చి బోధింపవలసిన క్రొత్త సంగతి కాదు. "పాత్రనుబట్టి చేప పెరుగుట మానుకొనును, ఇరుకు దానికి అలవాటగును" అను నానుడి మన కథకును విరుద్ధము, శరీరశాస్త్రమునకును విరుద్ధము. ఇరుకుపాత్రలో చేప ఎదుగకుండుట అలవాటు కాదు, రోగము. శరణన్న చేపకు ఆ రాజు చోటిచ్చెను. మనము మన కీడును మోయుమని దానిని గిన్నెలో నుంచి, అది చచ్చినప్పుడు సంతోషించుచున్నాము. దీనిని ధర్మమని ఏ శాస్త్రము పేరిటను సమర్థింపరాదు.

నీటిమొక్కలు నిపుణులకే యను మాటకు చరిత్రయే ప్రత్యుత్తరము. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తన ప్రయోగఫలితములను అచ్చటి రసాయన శాస్త్రసంఘమునకు తెలియజేసెను. ఆయన ఒక పెద్ద గాజుపాత్రలో ఇసుక, మట్టి, గులకరాళ్ళు పరచి, వాలిస్నేరియా యను నీటిమొక్కను నాటి, రెండు గోల్డ్ ఫిష్‌లను విడిచెను. మొక్క ప్రాణవాయువు నిచ్చుచు చేప విసర్జనమును గ్రహించుచుండగా చేపలు సుఖముగ నుండెను. ఆకులు కుళ్ళి నీరు మలినమగుట చూచి ఆయన చెరువు నత్తలను చేర్పగా అవి కుళ్ళును తినివేసి సమతను నిలిపెను. లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెరవబడినది 1853లో. అక్వేరియమను పేరు లోకమున ప్రచారమైనది ఆ కాలముననే. ఆధునిక అక్వేరియము పుట్టినప్పుడే మొక్కలతో పుట్టినది. విద్యుత్తుతో నడచు పంపులు, ప్లాస్టిక్కు మొక్కలు, రంగురాళ్ళు తరువాత వచ్చినవి. అవి వచ్చిన పిదప మనము మూలసూత్రమునే మరచితిమి. ఆ వాలిస్నేరియా విదేశీయమైన దుర్లభవస్తువును కాదు. అదియు, దాని బంధువైన హైడ్రిల్లాయు, మన చెరువులలోను కాలువలలోను స్వయముగ పెరుగు నాచుమొక్కలు.

మొక్కలు రాత్రివేళ ప్రాణవాయువును వాడుకొనుననుట నిజమే. ఆక్వా చెరువుల రైతులకు ఇది బాగుగ తెలియును. కొల్లేటి పరిసరములలో తెల్లవారుజామున చేపలు పైకి తేలుటయు, రైతులు ఏరేటర్లు తిప్పుటయు సామాన్యమైన విషయమే. అయితే ఆ చెరువులలో చేపలు కిక్కిరిసి యుండును, మేత విస్తారముగ పడును, కంటికి కనబడని పచ్చని నాచుకణములు నీటినంతయు నిండి యుండును. ఇంటి తొట్టిలో పది చిన్నచేపలు, గుప్పెడు మొక్కలు, ఉపరితలమును సన్నగ కదలించు ఒక గాలిబుడగల ధార ఉన్నప్పుడు అట్టి ప్రమాదము రాదు. వేడిమి 25 డిగ్రీలున్న నీటిలో గాలినుండి లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. మొక్కలు పగటివేళ వెలుతురులో దానిని నింపును. మొక్కలు రాత్రి తీసికొనునది ఒకింత, పగలు ఇచ్చునది దానికి మించినంత. పగటి ఉపకారమును లెక్కింపక రాత్రి వ్యయమును మాత్రము చూపు వాదము లెక్కలో సగము చెప్పి సగము దాచినట్టిది.

అంతేకాదు, మొక్కల ముఖ్యమైన ఉపకారము ప్రాణవాయువుకంటెను అమోనియా విషయమున కలదు. డయానా వాల్‌స్టాడ్ అను అమెరికా రచయిత్రి 1999లో వెలువరించిన గ్రంథమున, నీటిమొక్కలలో పెక్కు నైట్రేటుకంటె అమోనియమునే మొదట గ్రహించునని అనేక పరిశోధనలను సమీక్షించి చూపినది. అనగా చేపకు విషమైనది మొక్కకు ఆహారము. సూక్ష్మజీవులు నెలకొను వరకు నీటిని కాపాడునది, విద్యుత్తు పోయినప్పుడు పంపు ఆగినను తన పని తాను చేయునది, కొత్త ఆకులు వేయుచు నీటి ఆరోగ్యమును కంటికి తెలియజేయునది మొక్కయే. బొగ్గుపులుసు వాయువు సిలిండర్లు, తీవ్రమైన దీపములు, ఖరీదైన ఎరువులు కావలెననుట ఎర్రని ఆకుల మొక్కలకు, తివాచివలె పరచుకొను మొక్కలకు నిజము. వాలిస్నేరియాకు, హైడ్రిల్లాకు, శ్రీలంకనుండి వచ్చిన క్రిప్టోకొరైనుకు, కొయ్యను పట్టుకొని పెరుగు జావా ఫెర్నుకు, ఆఫ్రికాఖండపు అనూబియాసుకు అవి ఏవియు అక్కరలేదు. పోటీలకు కట్టు తొట్టిని చూపి ఇంటి తొట్టిని అసాధ్యమనుట న్యాయము కాదు.

రకమున కొక జత యను వాడుకను ఖండించుట మరింత అవసరము, ఏలనగా దానివలని బాధ విషమువలె చంపక, దినదినమును కృశింపజేయును. నియాన్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా, జీబ్రా డానియో వంటి చేపలు గుంపుగ తిరుగుటకై పుట్టినవి. పార్శ్వరేఖ యను ఇంద్రియముతో ప్రక్కచేప కదలికను నీటి ఒత్తిడినుండియే గ్రహించును. కనుచూపుతో దూరమును నిలుపుకొనును. 1971లో డబ్ల్యు. డి. హామిల్టన్ అను జీవశాస్త్రజ్ఞుడు, గుంపు మధ్యకు చేరుటవలన ప్రతి ప్రాణికి తాను వేటకు చిక్కు అవకాశము తగ్గునని గణితముతో వివరించెను. వేటాడు ప్రాణి ఒకే తీరున కదలు పెక్కింటిలో ఒకదానిపై చూపు నిలుపజాలక తడబడుననుట వేరొక కారణము. అట్టి చేపను జతగ నుంచుట, దానికి నిరంతరము ప్రాణభీతి కలిగించుట. అది రంగు వెలసి, మూలను దాగి, మేతకు రాక చిక్కిపోవును. కొన్ని జాతులు, టైగర్ బార్బువలె, భయమును పరుల రెక్కలు కొరుకుటగ చూపును. అదే చేప ఎనిమిది పది తోడులతో నున్నప్పుడు తొట్టి నడుమకు వచ్చి నిర్భయముగ ఈదును. ఆరింటికి తక్కువైన దానిని గుంపని పిలువరాదు. రెండేసి చొప్పున ఐదు జాతులను కొనువాడు పది ఒంటరితనములను ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. ఒకే జాతివి పది కొనువాడు ఒక సమాజమును తెచ్చుకొనుచున్నాడు.

ఏ జాతిని ఎన్నుకొనవలెననుటకు జవాబు మన కొళాయిలోనే యున్నది. 1936లో శాస్త్రీయముగ వర్ణింపబడిన నియాన్ టెట్రా అమెజాను పరీవాహకపు మెత్తని, ఆమ్లగుణముగల నీటిది. హార్లెక్విన్ రాస్బోరా మలయా, సుమత్రాల అడవికాలువలది. నది నీరు మెత్తగ వచ్చు పట్టణములలో వీనిని నిరభ్యంతరముగ పెంచవచ్చును. కఠినమైన బోరునీరు తప్ప గతిలేనివారికి మన దేశపు చేపయే మేలు. జీబ్రా డానియోను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో తన గంగానదీ మత్స్యగ్రంథమున వర్ణించెను. అది వరిపొలముల ప్రక్కకాలువలలోను, నిలువనీటి గుంటలలోను బ్రతుకు గట్టిచేప, వేడిమిలోను నీటి గుణములోను విస్తారమైన మార్పును సహించునది. 1981లో ఆరెగాను విశ్వవిద్యాలయమునందలి జార్జి స్ట్రైసింగరు పరిశోధనవలన అది ప్రపంచమునందలి ప్రయోగశాలల కెక్కినది. మన ఇండ్లలో మాత్రము చవుకచేపయని చులకనకు గురియగుచున్నది. ఆయుష్షే అంతయను అంగడిమాటకు కూడ జవాబు ఇచ్చటనే చెప్పవలెను: జీబ్రా డానియో తగిన నీటిలో మూడేండ్లు జీవించుట సామాన్యము, నియాన్ టెట్రా ఐదేండ్ల వరకు జీవించును, గోల్డ్ ఫిష్ పదియేండ్లకు పైబడి జీవించును. పదునైదు దినములు ఏ చేపకును ఆయుష్షు కాదు.

తొట్టిని శుభ్రము చేయునని చెప్పి అంగళ్ళలో అమ్ము సక్కర్ చేపను గూర్చి ఒక మాట. వేలెడంత యున్నప్పుడు కొన్న ఆ చేప మూరెడు వరకు పెరుగగలదు. అది తిను నాచుకంటె వదలు మలినము హెచ్చు. పెరిగిన పిదప దానిని భరింపలేక కాలువలోనో చెరువులోనో వదలుచున్నారు. దక్షిణామెరికాకు చెందిన ఈ చేపలు నేడు మన తెలుగునాట జలాశయములలో స్థిరపడి, ముండ్లతో వలలను చింపుచు, దెయ్యపుచేపలని జాలరులచే శపింపబడుచున్నవి. ఒక ఇంటి హాలులో జరిగిన అవివేకమునకు వందలాది జాలరి కుటుంబములు మూల్యము చెల్లించుచున్నవి. ఏ చేపనైనను, ఏ మొక్కనైనను తొట్టినుండి చెరువులోనికి వదలుట దయ కాదు, ద్రోహము.

ఇక నేను సులభమనిన మార్గము నిజముగ సులభమో కాదో పాఠకులే నిర్ణయింపవచ్చును. పొడవు అరువది, వెడల్పు ముప్పది, ఎత్తు ముప్పది సెంటీమీటర్లుగల తొట్టిని, సమతలమైన గట్టి బల్లపై థర్మోకోలు పలక పరచి, ఎండ నేరుగ పడని చోట నుంచవలెను. నీటి బరువే 54 కిలోలు గనుక అలమరపలకలను నమ్మరాదు. ఎరువుగాని పురుగుమందుగాని కలియని తోటమట్టిని జల్లించి రెండంగుళములకు మించకుండ పరచి, దానిపై బాగుగ కడిగిన నదీసైకతమును అంగుళమునకు పైగ కప్పవలెను. వెనుకవైపున వాలిస్నేరియాను, నడుమ క్రిప్టోకొరైనును నాటి, జావా ఫెర్నును దారముతో కొయ్యకు కట్టవలెను. దాని కాండమును ఇసుకలో పూడ్చినచో కుళ్ళిపోవును. మొక్కలను మొదటి దినముననే దట్టముగ నాటుట ముఖ్యము. క్రిప్టోకొరైను ఆకులు నాటిన కొత్తలో కరగిపోయినను వేరు బ్రతికియే యుండును గనుక దానిని పెరికివేయరాదు. సామాన్యమైన ఎల్‌ఈడీ దీపము ఆరునుండి ఎనిమిది గంటలు, చిన్న ఎయిర్ పంపుతో నడచు స్పాంజి ఫిల్టరు రాత్రింబవళ్ళు, పరికరములు ఇంతియే. ఎండకాలమున మూతను జాలీగ మార్చి, ఉపరితలముపై ఫ్యాను గాలి తగులనిచ్చినచో నీరు చల్లబడును.

అటుపిమ్మట కావలసినది ఓర్పు. అమోనియాను, నైట్రైటును కొలుచు పరీక్షాద్రావణములు అంగళ్ళలో దొరకును. మొక్కలు కొత్త ఆకులు వేసి, ఆ రెండు కొలతలును సున్నకు దిగి నిలిచినప్పుడు మొదట ఆరు చేపలను, రెండు వారముల పిదప మరి నాలుగింటిని తేవలెను. సంచిని పావుగంట తొట్టినీటిపై తేలనిచ్చి, తొట్టినీటిని కొంచెము కొంచెముగ అందు కలిపి, చేపలను మాత్రమే వలతో తొట్టిలోనికి మార్చవలెను. మేత దినమునకు ఒకసారి, రెండు నిమిషములలో తినగలిగినంత. వారమున కొకనాడు ఉపవాసము వానికి మేలే చేయును. ఈ తొట్టికి వారమున అరగంటకు మించిన శ్రమ లేదు. గిన్నెను పూర్తిగ కడిగి నింపుటకు పట్టు కాలము దీనికంటె తక్కువ కాదు. మరి సులభమైనది ఏది?

"అసలు చేపను బంధించుట ఎందుకు?" అని ప్రశ్నించువారు కలరు. వారి ప్రశ్న గౌరవింపదగినది. 2003లో ఎడింబరోలో లిన్ స్నెడ్డన్ మొదలగు పరిశోధకులు ట్రౌటు చేపల తలలో బాధను గ్రహించు నాడులున్నవని చూపిరి. చేపకు నొప్పి తెలియదను మాట నేడు నిలువదు. కాని వేలకొలది ఇండ్లలో చేపలు ఇప్పటికే ఉన్నవి, రేపును ఉండబోవుచున్నవి. వానిని పెంచవలదని చెప్పి ఊరకుండుటకంటె, పెంచువారికి నీటి ధర్మమును నేర్పుట ఆ ప్రాణులకు ఎక్కువ మేలు. మొక్కలనడుమ నిర్భయముగ గుంపుకట్టి తిరుగు చేపను చూచి పెరిగిన బిడ్డ, చెరువులోనికి మురుగు వదలుటను, కాలువను ప్లాస్టిక్కుతో నింపుటను సహింపడు; చేప చచ్చినచో మరొకటి తేవచ్చునని నేర్చిన బిడ్డకు ఆ చెరువును అట్లే కనబడును.

కావున నా తీర్పు స్పష్టము. గాజుగిన్నెలో చేప మరణించుట విధి కాదు, వాస్తుఫలము కాదు, ఆయుఃక్షయము కాదు. అది నీటిలోని అమోనియావలన, మన తొందరవలన, ఒంటరితనమువలన జరుగు నివారింపదగిన మరణము. అంగడివారలారా, గిన్నెను చేపతో కలిపి అమ్ముట మానుడు; ఏ నీటికి ఏ చేప తగునో అడిగి అమ్ముడు. తల్లిదండ్రులారా, బిడ్డ అడిగినంతనే చేపను తేక, మొదట మొక్కలను నాటించి, నెలనాళ్ళు వేచియుండుట నేర్పుడు. అన్నిటికిని మూలమైన నియమ మొక్కటియే: తొట్టిని కొన్న దినమున చేపను కొనకుడు.